వేతనాలు, ఉద్యోగ ముప్పుల ఆధారంగా గణాంక ప్రాణ విలువను అంచనా వేయడం ఎలా?

నెలకు 20,000 రూపాయలు సంపాదించే ముప్పై ఏళ్ల ఫ్యాక్టరీ కార్మికుడు ఒకడు పనిలో ప్రాణం కోల్పోయాడనుకుందాం. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని సూత్రం ప్రకారం, 2020లో పెంచిన 15,000 రూపాయల వేతన పరిమితిలో సగాన్ని ఆ వయసుకు పట్టికలో ఇచ్చిన 207.98తో గుణిస్తే, కుటుంబానికి రావలసింది 15,59,850 రూపాయలు. అదే మనిషి రోడ్డు ప్రమాదంలో మరణించి ఉంటే లెక్క మారుతుంది. సుప్రీంకోర్టు సరళా వర్మ (2009), ప్రణయ్ సేథి (2017) తీర్పుల్లో ఖరారు చేసిన పద్ధతిలో, ఏడాది ఆదాయం 2,40,000కు భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపి, అతనిపై నలుగురు ఆధారపడి ఉన్నారనుకుని సొంత ఖర్చుగా నాలుగో వంతు తీసివేసి, మిగిలిన 2,52,000ను 17తో గుణిస్తే 42,84,000 రూపాయలు వస్తాయి. ఈ వ్యాసంలో వివరించబోయే పద్ధతిలో అతని తరగతి కార్మికులకు లెక్క వేస్తే, అంకె కోట్లలోకి వెళుతుంది.

వీటిలో ఏదీ తప్పు కాదు, ఎందుకంటే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటి రెండూ ఒక మనిషి పోయిన తరువాత అతని ఇంటికి ఆగిపోయిన సంపాదన ఎంత అని అడుగుతాయి. మూడోది, ఎవరూ చనిపోకముందే, ముప్పు కాస్త ఎక్కువగా ఉన్న పనికి కార్మికులు ఎంత అదనపు జీతం తీసుకుంటున్నారు అని అడుగుతుంది. ఆర్థికశాస్త్రంలో దీన్ని గణాంక ప్రాణ విలువ అంటారు, పరిశోధకుల వాడుకలో వీఎస్‌ఎల్ (వాల్యూ ఆఫ్ స్టాటిస్టికల్ లైఫ్). రిగ్రెషన్ అంటే ఏమిటో తెలిసిన విద్యార్థినీ, భారతదేశపు గణాంకాలతో ఈ పని మొదలుపెట్టదలచిన పరిశోధకుణ్నీ దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. గందరగోళం లేకుండా ఉండటానికి మరణం సంభవించే అవకాశాన్ని ఇకపై ముప్పు అనీ, జరిగిపోయిన ఘటనను ప్రమాదం అనీ పిలుస్తాను.

మొదటి అడుగు: దేన్ని కొలుస్తున్నారో తేల్చుకోండి

బోరుబావిలో ఒక పిల్లవాడు పడ్డాడంటే జిల్లా యంత్రాంగమంతా అక్కడికి చేరుతుంది, జేసీబీలు వస్తాయి, ఖర్చు ఎంతని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. కానీ పూడ్చకుండా వదిలేసిన వేల బోరుబావులపై మూతలు బిగించడానికి ఎంత కేటాయించాలన్నది బడ్జెట్ ప్రశ్న, ఎందుకంటే ఆ మూతల వల్ల బతికే పిల్లలెవరో ఎవరికీ తెలియదు. పేరున్న ప్రాణానికీ, గణాంకాల్లో మాత్రమే కనిపించే ప్రాణానికీ ఉన్న ఈ తేడాను 1968లో అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ స్పష్టంగా విడదీశాడు. మీరు కొలవబోయేది రెండోదాన్ని మాత్రమే.

దీని వెనుక ఉన్న అంకగణితం చాలా చిన్నది. ఒకే రకమైన పని, ఒకే నైపుణ్యం ఉన్న రెండు ఫ్యాక్టరీలున్నాయనీ, రెండోదానిలో ఏడాదికి 10,000 మందిలో ఒకరు అదనంగా మరణిస్తారనీ, అందుకే అక్కడ ఏడాదికి 1,500 రూపాయలు ఎక్కువ జీతం ఇస్తున్నారనీ అనుకోండి. పదివేల మంది కలిసి తీసుకుంటున్న అదనపు మొత్తం 1.5 కోట్లు, వారిలో సగటున పోయే ప్రాణం ఒకటి. కాబట్టి గణాంక ప్రాణ విలువ 1.5 కోట్లు. ఆ పదివేల మందిలో ఏ ఒక్కరూ ఆ డబ్బు తీసుకుని ప్రాణం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పదివేలలో ఒక వంతు ముప్పుకు మాత్రమే 1,500 తీసుకున్నారు. ఈ ఒక్క విషయం మరచిపోతే ఇక్కడి నుంచి చేసే లెక్కంతా వక్రమవుతుంది.

కష్టమైన, అసహ్యమైన, అపాయకరమైన పనికి జీతం ఎక్కువ ఉండాలన్న ఆలోచన 1776లో ఆడమ్ స్మిత్ రాసినదే. దానిని అంకెల్లోకి దించిన తొలి గట్టి ప్రయత్నం 1976లో అమెరికా ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, షెర్విన్ రోజెన్ చేశారు. 1967 నాటి సమాచారంతో వారికి వచ్చిన విలువ దాదాపు 2 లక్షల డాలర్లు. ఆ తరువాత ఈ రంగాన్ని ఎక్కువగా దున్నినవాడు మరో అమెరికా ఆర్థికవేత్త కిప్ విస్కుసి.

రెండో అడుగు: వేతనాల సమాచారం

దేశవ్యాప్తంగా జరిగే ఆవర్తన శ్రామిక సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్, 2017 నుంచి నడుస్తోంది. వ్యక్తుల స్థాయి సమాచారం పరిశోధకులకు అందుబాటులో ఉంటుంది. వయసు, చదువు, లింగం, సామాజిక వర్గం, పరిశ్రమ కోడు, వృత్తి కోడు, సంస్థ పరిమాణం, రాతపూర్వక ఒప్పందం ఉందా లేదా, వేతనంతో కూడిన సెలవు ఉందా, సామాజిక భద్రత ఉందా అన్న వివరాలన్నీ దొరుకుతాయి.

సమాచారం చేతికి రాగానే కత్తిరించడం మొదలుపెట్టాలి. స్వయం ఉపాధివారిని పక్కన పెట్టండి. వారి ఆదాయంలో పెట్టుబడిపై లాభం కలిసి ఉంటుంది కాబట్టి అది జీతం కాదు. నెలజీతగాళ్లకు నెలసరి మొత్తాన్ని 12తో గుణిస్తే సరిపోతుంది. రోజుకూలీల విషయంలో మాత్రం రోజు కూలిని 365తో గుణించడం పెద్ద తప్పు. నిజంగా పని దొరికిన రోజులతోనే గుణించాలి, ముప్పును కూడా అంతే పని కాలానికి సర్దాలి. అమెరికాలో గంట వేతనాన్ని 2,000 గంటలతో గుణించే ఆనవాయితీ ఉంది, మన దగ్గర దానిని గుడ్డిగా దింపుకోకూడదు. తొలి ప్రయత్నంలో తయారీ రంగంలోని పురుష కార్మికులకు పరిమితం కావడం సాధారణం. అది వివక్ష కాదు, ఒకే రకమైన పనులను పోల్చడానికి చేసే సర్దుబాటు. అయితే వచ్చిన ఫలితం కూడా వారికే వర్తిస్తుందని చివర రాయాలి.

మూడో అడుగు: ముప్పు లెక్క, అసలు చిక్కంతా ఇక్కడే

అమెరికాలో పని ప్రదేశ మరణాల పూర్తి లెక్కింపు 1992 నుంచి జరుగుతోంది. ఒక్కో మరణాన్నీ ఒకటికి మించిన ఆధారాలతో సరిచూసి నమోదు చేస్తారు. 2022లో అలా తేలిన మరణాలు 5,486, అంటే పూర్తికాలం పనిచేసే లక్ష మందికి 3.7. అదే ఏడాది చెట్లు నరికే పనివారిలో ఆ రేటు 100 దాటింది. విస్కుసి 2004లో ఈ లెక్కింపు నుంచి 72 పరిశ్రమలను 10 వృత్తులతో అడ్డంగా విభజించి, 720 గడులకు వేర్వేరుగా ముప్పు రేటు కట్టాడు. గనుల సంస్థలోని గుమస్తాకూ భూగర్భంలో దిగే కార్మికుడికీ ఒకే ముప్పు అంటగట్టకుండా ఉండటమే ఆ విభజన ప్రయోజనం.

మన దగ్గర అలాంటి ఒకే చోటు లేదు. నమోదైన ఫ్యాక్టరీల మరణాలను రాష్ట్రాల ఫ్యాక్టరీ తనిఖీ శాఖల నుంచి ముంబైలోని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీ భద్రతా సంస్థ డీజీఫాస్లీ క్రోడీకరిస్తుంది. 2017–2020 మధ్య ఆ లెక్కల్లో సగటున రోజుకు ముగ్గురు మరణించినట్లు ఉంది. గనుల మరణాలు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ దగ్గర ఉంటాయి. కార్మికుల సంఖ్య కోసం వార్షిక పరిశ్రమల సర్వేను చూడాలి. భవన నిర్మాణం, ఇటుక బట్టీలు, పది మందికన్నా తక్కువ ఉన్న షెడ్లు వీటన్నిటి బయటే ఉండిపోతాయి.

రేటు కట్టే పద్ధతి ఇది. ఒక పరిశ్రమలో సగటున 20,000 మంది పనిచేస్తూ, నాలుగేళ్లలో 8 మంది మరణించారనుకుంటే, 8ని 80,000 కార్మిక సంవత్సరాలతో భాగిస్తే ఏడాదికి 10,000 మందికి ఒకరు. ఒక్క ఏడాది అంకె ఎప్పుడూ తీసుకోకండి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగినటువంటి ఘోర పేలుడు ఉన్న ఏడాదిని మాత్రమే తీసుకుంటే ఔషధ పరిశ్రమ మృత్యుకూపంలా కనిపిస్తుంది, లేని ఏడాదిని తీసుకుంటే భద్రంగా కనిపిస్తుంది. కార్మికులు మనసులో వేసుకునే ముప్పు ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అందుకే మూడు నుంచి ఐదేళ్ల సగటు తీసుకోవడం మంచిది. నాలుగేళ్లు కలిపినా 8 మరణాలంటే, వాటి వర్గమూలం దాదాపు 2.8 కాబట్టి, కేవలం యాదృచ్ఛిక ఊగిసలాటే 35 శాతం వరకు ఉంటుంది. చిన్న గడులను పక్క గడులతో కలపడానికి సందేహించవద్దు.

ఇక నమోదు కాని మరణాల సంగతి. కాంట్రాక్టు కార్మికుడు చనిపోతే అతని పేరు ఆ ఫ్యాక్టరీ రికార్డుల్లో లేకపోవచ్చు. ఇది అంచనాను ఏ వైపు లాగుతుందో జాగ్రత్తగా ఆలోచించాలి, ఎందుకంటే తొలిచూపులో తోచే జవాబు తప్పు. నిజంగా 10,000కు ఇద్దరు మరణిస్తున్న చోట రికార్డుల్లో ఒక్కరే ఉన్నారనీ, అన్ని పరిశ్రమల్లోనూ ఇలా సగమే నమోదవుతోందనీ అనుకోండి. ఆ ముప్పుకు కార్మికులు తీసుకుంటున్న అదనపు జీతం 4 శాతం. నిజమైన లెక్కలో 10,000కు ఒక్కో మరణానికి 2 శాతం పడాలి, కానీ రికార్డులను నమ్మితే 4 శాతం పడుతుంది, ప్రాణ విలువ రెట్టింపుగా తేలుతుంది. మరణాలను దాచిన దేశంలో ప్రాణం మరింత విలువైనదిగా లెక్కకు వస్తుందన్నమాట. ఈ రంగంలో దీనికన్నా చేదైన వైచిత్రి నాకు కనిపించలేదు. దీనికి ఎదురుగా, పరిశ్రమకొక తీరుగా యాదృచ్ఛికంగా దొర్లే నమోదు తప్పులు గుణకాన్ని సున్నా వైపు కుదిస్తాయి. రెండూ ఏకకాలంలో పనిచేస్తుంటే ఏది గెలిచిందో చెప్పడం ఎవరికైనా కష్టమే.

నాలుగో అడుగు: సమీకరణం

వేతనాల పట్టికలోని ప్రతి వ్యక్తికీ అతని పరిశ్రమ, వృత్తి కోడుల ద్వారా ముప్పు రేటును జతచేయండి. అప్పుడు కింది సమీకరణాన్ని అంచనా వేయాలి.

లాగ్ (వేతనం) = క + గ × మరణ ముప్పు + చ × గాయాల ముప్పు + ఇతర లక్షణాలు + దోషం

మనకు కావలసింది గ అనే ముప్పు గుణకం. వేతనాన్ని నేరుగా కాక దాని సంవర్గమానాన్ని తీసుకోవడానికి కారణం, చదువు, అనుభవం, ముప్పు వంటివి జీతాన్ని ఇన్ని రూపాయలని కాక ఇంత శాతమని పెంచుతాయన్న అనుభవం. ఇతర లక్షణాల్లో చదువు, అనుభవం, దాని వర్గం, సామాజిక వర్గం, రాష్ట్రం, గ్రామమో పట్టణమో, సంస్థ పరిమాణం, ఒప్పందం రకం తప్పనిసరిగా ఉండాలి. సొంతంగా సర్వే చేసుకోగలిగితే యూనియన్ సభ్యత్వం, పని వేగం, వేడి, దుమ్ము, రాత్రి షిఫ్టు కూడా అడగండి.

గాయాల ముప్పును వదిలేస్తే, చేతివేళ్లు పోయే యంత్రాలున్న చోటే మరణాలూ ఎక్కువ కాబట్టి, గాయాలకు ఇచ్చే జీతం కూడా మరణాల ఖాతాలో పడుతుంది. చేరిస్తే రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ప్రామాణిక దోషాలు, అంటే అంచనాలోని అనిశ్చితిని చూపే కొలతలు, పెరుగుతాయి. రెండు రకాలుగానూ అంచనా వేసి రెండిటినీ పట్టికలో చూపడమే నిజాయితీ.

పరిశ్రమల వారీ డమ్మీలు (కార్మికుడు ఆ పరిశ్రమలో ఉంటే 1, లేకపోతే 0 అయ్యే చలరాశులు) చేర్చాలా వద్దా అన్నది ఈ రంగంలో అన్నిటికన్నా పాత తగవు. ముప్పును పరిశ్రమ స్థాయిలోనే కొలిచి ఉంటే అదే స్థాయి డమ్మీలు దానిని పూర్తిగా మింగేస్తాయి, గుణకం అంచనాకే రాదు. వదిలేస్తే ఇంకో సమస్య. సిమెంటు, ఉక్కు, రసాయన పరిశ్రమలు ముప్పుతో సంబంధం లేకుండా లాభాల వల్లో, బలమైన యూనియన్ల వల్లో ఎక్కువ జీతాలు ఇస్తూ ఉండవచ్చు. 1998లో డోర్మన్, హాగ్‌స్ట్రామ్ పరిశ్రమల లక్షణాలను గట్టిగా అదుపు చేసి చూస్తే, అంతవరకు కనిపించిన ముప్పు భత్యం, అంటే ముప్పుకు దక్కే అదనపు జీతం, చాలామట్టుకు కరిగిపోయింది. కాబట్టి పరిశ్రమ, వృత్తి రెండింటి గడుల వారీగా ముప్పును కట్టి, విశాలమైన పరిశ్రమ డమ్మీలు చేర్చడం మధ్యేమార్గం. ముప్పు అంకె ఒక్కో గడికి ఒకటే కాబట్టి, ప్రామాణిక దోషాలను గడుల వారీగా క్లస్టర్ చేయాలి, అంటే ఒకే గడిలోనివారిని ఒక గుంపుగా చూసి లెక్కించాలి. అలా చేయకపోతే వేలమంది కార్మికులున్నారన్న ధైర్యంతో, నిజానికి వంద గడుల నుంచి వచ్చిన ఫలితాన్ని అతి కచ్చితంగా చూపినట్టవుతుంది.

ఐదో అడుగు: గుణకం నుంచి రూపాయలకు

ముప్పును 10,000 మందికి ఏటా మరణాలుగా కొలిచి ఉంటే సూత్రం ఇది.

గణాంక ప్రాణ విలువ = ముప్పు గుణకం × సగటు వార్షిక వేతనం × 10,000

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. గుణకం 0.02, సగటు వార్షిక వేతనం 2,40,000. ముప్పు ఒక యూనిట్ పెరిగితే జీతం 4,800 రూపాయలు పెరుగుతుంది, దానిని 10,000తో గుణిస్తే 4.8 కోట్లు. ఇప్పుడు గుణకపు ప్రామాణిక దోషం 0.008 అనుకోండి. 95 శాతం విశ్వాస అంతరం 0.0043 నుంచి 0.0357 వరకు ఉంటుంది, రూపాయల్లో దాదాపు 1.04 కోట్ల నుంచి 8.56 కోట్ల వరకు. పత్రికా ప్రకటనలో 4.8 కోట్లు అన్న ఒక్క ముక్కే మిగులుతుందన్నది నిజమే అయినా, మీ నివేదికలో మాత్రం ఈ మూడు అంకెలూ ఒకే వాక్యంలో ఉండాలి.

యూనిట్ల దగ్గర జరిగే తప్పులు పదింతల తేడా తెస్తాయి. ముప్పు లక్షకు ఉంటే చివరి గుణకం 1,00,000 కావాలి. నెల జీతంతో గుణించి ఏడాది ముప్పు వాడితే ఫలితం పన్నెండో వంతుకు పడిపోతుంది. ఏ ఏడాది ధరల్లో ఉందో రాయని ప్రాణ విలువ ఎందుకూ కొరగాదు.

ఆరో అడుగు: వచ్చిన గుణకాన్ని నిలదీయండి

ఇంతవరకు చేసినది ఒక సెమిస్టర్‌లో పూర్తయ్యే పని. ఆ గుణకం నిజంగా ముప్పుకు చెల్లించిన వెలేనా అని తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

మొదట ఎంపిక సంగతి చూడండి. ఎత్తులంటే భయం లేనివాడే స్కఫోల్డింగ్ ఎక్కుతాడు, అతనికి ముప్పు అంతగా బాధించదు కాబట్టి తక్కువ అదనపు జీతంతోనే సర్దుకుంటాడు. అందుచేత ముప్పు ఎక్కువగా ఉన్న పనుల్లో కనిపించే వెల, ఆ పనికి వెళ్లడానికే ఇష్టపడనివారి వెలకన్నా తక్కువ. దీనికి వ్యతిరేక దిశలో కూడా ఎంపిక పనిచేయవచ్చు. ఆర్థికవేత్త కె.ఆర్. షణ్ముగం 2001లో మద్రాసు కార్మికుల విషయంలో ఈ ఎంపిక దోషాన్నే ప్రత్యేకంగా పరిశీలించాడు. ఒకే వ్యక్తిని ఏళ్ల తరబడి వెంబడించే సమాచారం ఉంటే, అతను ఉద్యోగం మారినప్పుడు ముప్పూ జీతమూ కలిసి ఎలా మారాయో చూడవచ్చు. 2012లో క్నీస్నర్, విస్కుసి, వూక్, జిలియక్ అమెరికా సమాచారంతో ఇలా చేసి, 40 లక్షల నుంచి కోటి డాలర్ల మధ్య విలువలు పొందారు.

తరువాత జీతంలో కనిపించని పరిహారం. బొగ్గు గనుల్లో భూగర్భంలో పనిచేసేవారికి అండర్‌గ్రౌండ్ అలవెన్స్ ఉంటుంది. అది వేతన చీటీలో కనిపిస్తుంది కాబట్టి లెక్కలోకి వస్తుంది. కానీ సింగరేణిలో కార్మికుడు మరణిస్తే వారసుడికి ఉద్యోగం వస్తుందన్న భరోసా ఏ వేతన సర్వేలోనూ ఉండదు. ఆ భరోసా ఉన్నందుకు కార్మికుడు తక్కువ భత్యంతో ఒప్పుకుంటే, మీ గుణకం అతని ప్రాణాన్ని తక్కువ చేసి చూపుతుంది. ప్రమాద పరిహార బీమా ఉదారంగా ఉన్న చోట ముప్పు భత్యం తగ్గుతుందని అమెరికా అధ్యయనాల్లోనూ తేలింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎంచుకునే స్వేచ్ఛ. ఈ పద్ధతి మొత్తం, కార్మికుడికి ముప్పు తెలుసు, వేరే పని దొరుకుతుంది, బేరమాడగలడు అన్న మూడు స్తంభాల మీద నిలబడి ఉంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగి శుభ్రం చేసేవారి పరిస్థితి చూడండి. ప్రాణాంతకమైన పని, అయినా అత్యల్ప జీతం, ఎందుకంటే ఆ పనికి ఎవరు వెళ్లాలో కులమే ముందుగా తీర్మానించింది. వారిని మీ పట్టికలో కలిపితే ముప్పు గుణకం కుంచించుకుపోవచ్చు, రుణాత్మకం కూడా కావచ్చు. దాని నుంచి వారి ప్రాణానికి విలువ లేదన్న నిర్ధారణ రాదు. ఆ చోట మార్కెట్ లేదు కాబట్టి మార్కెట్ ధర చదవడం కుదరదని మాత్రమే అర్థం. సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో మురుగు కాలువ మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచినప్పుడు ఆధారం చేసుకున్నది రాజ్యాంగాన్ని, వేతన మార్కెట్‌ను కాదు. నా సలహా ఏమిటంటే, సామాజిక వర్గాల వారీగా గుణకాన్ని విడివిడిగా అంచనా వేయండి. తేడా వస్తే దానిని విలువల్లో తేడాగా కాక, బేరశక్తిలో తేడాగా చదవండి.

చివరగా ప్రచురణ దోషం. రుణాత్మక గుణకం వచ్చిన పరిశోధకుడు దానిని సొరుగులో పెట్టేస్తాడు, పెద్ద ధనాత్మక గుణకం వచ్చినవాడు ప్రచురిస్తాడు. 2012లో డూకుల్యాగాస్, స్టాన్లీ, జైల్స్ ఈ దోషాన్ని సరిచేసి చూస్తే సగటు విలువ 70 నుంచి 80 శాతం పడిపోయింది. మీరు వేసిన అన్ని సమీకరణాల ఫలితాలనూ అనుబంధంలో పెట్టడమే దీనికి మందు.

ఏడో అడుగు: ఇతర అంచనాలతో పోల్చడం

భారతదేశానికి సంబంధించి షణ్ముగం 1990లో మద్రాసులో చేసిన సర్వే పునాది వంటిది. తయారీ రంగంలోని 522 మంది పురుష కార్మికుల వేతనాలను ఫ్యాక్టరీ తనిఖీ శాఖ మరణాల లెక్కలతో జతచేశాడు. వారి సగటు ముప్పు ఏడాదికి 10,000కు దాదాపు ఒకటి. 1999లో నథాలీ సైమన్, మౌరీన్ క్రాపర్, అన్నా అల్బెరీని, సీమా అరోరా చేసిన అధ్యయనంలో 1990 ధరల్లో 64 లక్షల నుంచి 1.5 కోట్ల వరకు వచ్చింది. అది మరణంతో కోల్పోయే సంపాదనకు 20 నుంచి 48 రెట్లు అని వారే లెక్క కట్టారు. దీనికి పూర్తి భిన్నంగా, ఢిల్లీలో రోడ్డు ముప్పు తగ్గించుకోవడానికి ఎంత ఖర్చు పెడతారని నేరుగా అడిగిన భట్టాచార్య, అల్బెరీని, క్రాపర్ల 2007 నాటి అధ్యయనంలో 2005 ధరల్లో సుమారు 13 లక్షలే వచ్చింది.

పాత విలువలను ఈనాటి ధరల్లోకి తేవడానికి పారిశ్రామిక కార్మికుల వినియోగదారు ధరల సూచీ వాడండి. ఆధార సంవత్సరం రెండుసార్లు మారింది కాబట్టి, 2016 ఆధారంగా ఉన్న సూచీని ముందు 2.88తో గుణిస్తే 2001 ఆధారానికి, దానిని 4.63తో గుణిస్తే 1982 ఆధారానికి వస్తుంది. సూచీ 140 ఉన్న నెలను తీసుకుంటే 1982 ఆధారంగా దాదాపు 1,867 అవుతుంది. 1990–91 సగటు 193 కాబట్టి ధరలు సుమారు 9.7 రెట్లు పెరిగాయి. అంటే సైమన్ బృందం అంచనాలు 6.2 కోట్ల నుంచి 14.5 కోట్ల వరకు చేరతాయి, నిజవేతనాల పెరుగుదలను ఇంకా కలపకుండానే. మన ఊహా ఉదాహరణలోని 4.8 కోట్లు వాటి కింది అంచుకన్నా తక్కువ. ఊహించిన అంకె దేనికీ రుజువు కాదు గానీ, పాత అంచనాల్లో నమోదు కాని మరణాల వల్ల వచ్చిన ఉబ్బు కొంత ఉండవచ్చని నా అనుమానం.

సొంత అంచనా లేనివారు అమెరికా విలువను ఆదాయ నిష్పత్తితో కుదించి వాడతారు. ఇక్కడ అంతా ఆదాయ వ్యాకోచత్వం మీద, అంటే ఆదాయం ఒక శాతం మారితే ప్రాణ విలువ ఎంత శాతం మారుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో కోటి డాలర్లు, మన తలసరి ఆదాయం వారి దానిలో 25వ వంతు అనుకుని చూద్దాం. విస్కుసి, ఆల్డీ 2003లో చెప్పిన 0.6 వ్యాకోచత్వంతో 14.5 లక్షల డాలర్లు, 1తో 4 లక్షలు, పేద దేశాలకు కొందరు సూచించే 1.5తో 80,000 డాలర్లు మాత్రమే. పద్దెనిమిది రెట్ల తేడా ఒక్క అంకె ఎంపికలో ఉంది. సొంతంగా లెక్కించడం ఇంత కష్టమైనా ఎందుకు చేయాలో దీనితో అర్థమవుతుంది.

ఎనిమిదో అడుగు: ఎక్కడ వాడాలి

అమెరికాలో 1982 ప్రాంతంలో, పని ప్రదేశంలో వాడే ప్రమాదకర రసాయనాలకు లేబుళ్లు ఉండాలన్న నిబంధనను వృత్తి భద్రతా సంస్థ ప్రతిపాదించింది. మరణాల నష్టాన్ని కోల్పోయిన సంపాదన, వైద్య ఖర్చుల లెక్కనే కట్టడంతో ఖర్చే ఎక్కువని బడ్జెట్ కార్యాలయం తిప్పికొట్టింది. వివాదం ఉపాధ్యక్షుడు బుష్ వరకు వెళ్లింది. విస్కుసి గణాంక ప్రాణ విలువతో మళ్లీ లెక్క వేస్తే లాభం ఖర్చును దాటింది, 1983లో నిబంధన వచ్చింది. పద్ధతి మారితే చట్టం మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. 2023 ధరల్లో ఆ దేశ రవాణా శాఖ తన లెక్కలకు నిర్ణయించిన విలువ 1.32 కోట్ల డాలర్లు.

పరిహారానికి మాత్రం దీనిని వాడకండి. పదివేలలో ఒక వంతు ముప్పుకు కార్మికుడు అడిగిన రేటు, పోయిన తండ్రికి బదులుగా కుటుంబానికి ఇవ్వాల్సిన మొత్తాన్ని చెప్పదు. అలాగే చిన్న ముప్పుల దగ్గర కొలిచిన రేటును పదిలో ఒక వంతు వంటి పెద్ద ముప్పుకు సాగదీయకూడదు.

వాడే తీరుకు ఒక ఊహా ఉదాహరణ. రసాయన పరిశ్రమల్లోని 2 లక్షల మంది కార్మికులకు విషవాయువులను పసిగట్టే పరికరాలు తప్పనిసరి చేస్తే ఏడాదికి 30 కోట్లు ఖర్చవుతుందనీ, ముప్పు 10,000కు 0.5 తగ్గుతుందనీ అనుకుందాం. ఏటా 10 ప్రాణాలు మిగులుతాయి. 4.8 కోట్ల చొప్పున లాభం 48 కోట్లు, పై అంచుతో 85.6 కోట్లు, కింది అంచుతో 10.4 కోట్లే. ఫలితం ఇలా అటూ ఇటూ తిరిగే చోట, లెక్కను తిప్పి రాయడం మేలు. ఖర్చు సరితూగడానికి కావలసిన ప్రాణ విలువ 30 కోట్లను 10తో భాగిస్తే వచ్చే 3 కోట్లు. అధికారి ముందు పెట్టే కాగితం మీద ఆ 3 కోట్లనూ, దాని పక్కనే మీ అంతరాన్నీ, ఏ కార్మికుల నుంచి, ఏ ఏడాది ధరల్లో, ఏ రికార్డుల ఆధారంగా అది వచ్చిందో ఆ వివరాన్నీ రాయండి. మరణాల్లో సగమే నమోదవుతున్నాయన్న అనుమానం ఉంటే, మీ 4.8 కోట్లు 2.4 కోట్లకు పడిపోయే రెండో వరుసను కూడా అదే పట్టికలో చేర్చండి. అయితే ఆ వరుసలో ఇంకో అంకె కూడా మారాలి. నమోదైన మరణాల నుంచే ముప్పు తగ్గుదలను కట్టి ఉంటే, మిగిలే ప్రాణాలు 10 కాదు, 20. లాభం మళ్లీ 48 కోట్లకే చేరుతుంది, సరితూగే విలువ 1.5 కోట్లకు దిగుతుంది. ఒక వైపు సవరించి రెండో వైపు మరచిపోయిన పట్టిక ఆ పరికరాలను అన్యాయంగా తిరస్కరిస్తుంది.